బౌట్సెన్‌లోని సోర్బ్ ఉన్నత పాఠశాల: చరిత్ర, చదువు, మనం గమనించవలసిన సంగతులు

జర్మనీ తూర్పు అంచున, పోలెండ్, చెక్ సరిహద్దులకు దగ్గరలో బౌట్సెన్ అనే పాత పట్టణం ఉంది. ఇది సాక్సనీ రాష్ట్రంలోది. ఈ పట్టణంలోని సోర్బ్ జిమ్నాసియం ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. జర్మన్ దేశంలో ఉంటూ, జర్మన్ కాని సోర్బియన్ భాషలో అయిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు చదువు చెప్పే బడి ఇది. తెలుగు సెక్షను ఈ ఏడు ఉంటుందా, ఎత్తేస్తారా అని బడులు తెరిచే నెలలో ఎదురుచూసే మన కుటుంబాలకు ఈ బడి కథ తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా పేరు సంగతి. జర్మనీలో జిమ్నాసియం అంటే వ్యాయామశాల కాదు. ప్రాథమిక బడి తర్వాత, విశ్వవిద్యాలయం చదువుకు పిల్లలను సిద్ధం చేసే ఉన్నత పాఠశాలను అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. చివర రాసే పరీక్ష పేరు అబిటూర్. అందులో నెగ్గిన వారికి విశ్వవిద్యాలయం తలుపు తెరుచుకుంటుంది. అక్కడ చదువు కేంద్రం చేతిలో కాక రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ప్రభుత్వ బడులలో ఫీజు లేదు.

సోర్బులు ఎవరు?

సోర్బులు వలస వచ్చిన వారు కారు. లౌజిట్స్ అనే ప్రాంతంలో వెయ్యేళ్లకు పైబడి ఉంటున్న స్లావ్ జాతి ప్రజలు. వారి సంఖ్య సుమారు అరవై వేలని సాధారణంగా చెబుతారు. భాష మాట్లాడేవారు అంతకంటే బాగా తక్కువ. వారికి రెండు రాత భాషలున్నాయి. సాక్సనీలో ఎగువ సోర్బియన్, బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో దిగువ సోర్బియన్. మొదటిది చెక్ భాషకు, రెండోది పోలిష్ భాషకు దగ్గర. బౌట్సెన్‌ను వారు బుడీషిన్ అంటారు.

మనకూ వారికీ ఒక పెద్ద తేడా ఉంది. మనకు పక్కనే రెండు తెలుగు రాష్ట్రాలున్నాయి. సోర్బులకు ప్రపంచంలో ఎక్కడా సొంత రాష్ట్రం గానీ దేశం గానీ లేదు. పాఠ్యపుస్తకం కావాలన్నా, పంతులు కావాలన్నా వారు లౌజిట్స్‌లోనే తయారు చేసుకోవాలి.

బడి పుట్టుక

సోర్బ్ సంఘాలన్నీ కలిసి 1912లో హోయర్స్‌వెర్డా పట్టణంలో దోమోవినా అనే సమాఖ్యను ఏర్పరచుకున్నాయి. నాజీ ప్రభుత్వం 1937లో దాని కార్యకలాపాలను నిషేధించింది. ఆ తర్వాత బడులలో సోర్బియన్ చెప్పడం ఆగిపోయింది. సోర్బ్ ఉపాధ్యాయులను, చర్చి గురువులను దూర ప్రాంతాలకు బదిలీ చేశారు. యుద్ధం ముగిసిన 1945 మే నెలలోనే దోమోవినా మళ్లీ లేచి నిలబడింది.

అప్పటికి సోర్బియన్ చెప్పగల ఉపాధ్యాయులు బాగా తగ్గిపోయారు. అందుకని ఉపాధ్యాయ శిక్షణ ముందు మొదలైంది. కొందరు పిల్లలను సరిహద్దు దాటించి చెకొస్లొవేకియాలోని చెస్కా లీపా, వర్న్స్‌డోర్ఫ్ పట్టణాలలో చదివించారు. 1947లో బౌట్సెన్‌లోనే సోర్బ్ ఉన్నత పాఠశాల మొదలైంది. 1948 మార్చి 23న సాక్సనీ శాసనసభ సోర్బ్ ప్రజల హక్కుల చట్టం చేసింది. సోర్బ్ బడులకు చట్టం అండ అలా దొరికింది. 1952లో దిగువ సోర్బియన్ కోసం కోట్‌బుస్ పట్టణంలో రెండో ఉన్నత పాఠశాల వచ్చింది.

ఆ కోట్‌బుస్ బడిలో చదివినవారిలో కవి కీతో లోరెన్స్ (1938–2017) ఒకరు. తాత పేరున్న సోర్బ్ రచయిత. అయినా మనవడు పెరిగింది జర్మన్ మాటల మధ్యనే. తాత భాషను బడి హాస్టలులో ఉంటూ నేర్చుకుని, చివరికి ఆ భాషలో ముఖ్య కవులలో ఒకరయ్యారు. ఇంట్లో జారిపోయిన భాషను బడి తిరిగి చేతికందించగలదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

1964 నాటి నిబంధన

1952 నుంచి సోర్బ్ ప్రాంతపు బడులు రెండు రకాలుగా నడిచాయి. ఒక రకంలో సోర్బియన్ బోధన మాధ్యమం. రెండో రకంలో జర్మన్ మాధ్యమం, సోర్బియన్ ఒక పాఠ్యాంశం. 1960ల మొదట్లో రెండూ కలిపి పన్నెండు వేలకు పైగా పిల్లలు సోర్బియన్ చదివేవారు.

1964లో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక కొత్త నిబంధన తెచ్చింది. అది భాషను నిషేధించలేదు, బడులను మూయలేదు. సోర్బియన్ చదవడం ఇకపై స్వచ్ఛందమని, తల్లిదండ్రులు కోరితేనే చెబుతామని మాత్రమే అంది. కొన్నేళ్లలోనే సంఖ్య మూడు వేల దరిదాపులకు పడిపోయింది. "అడిగితే ఇస్తాం" అన్న ఒక్క మాట అంత పని చేసింది. అడగడానికి మొహమాటం కొందరికి, జర్మన్ వస్తే చాలు ఉద్యోగం వస్తుందన్న లెక్క కొందరికి. మన ఊళ్లలో ఈ రెండు మాటలూ మనం వినని రోజు లేదు.

నేటి చదువు

1990లో జర్మనీ ఏకమయ్యాక బౌట్సెన్ బడికి జిమ్నాసియం హోదా వచ్చింది. సాక్సనీ 1992 రాజ్యాంగం సోర్బుల భాషకు, బడులకు రక్షణ ఇచ్చింది. 1999లో సోర్బుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. అల్పసంఖ్యాక భాషలపై ఐరోపా ఒడంబడిక కూడా అదే ఏడాది జనవరి 1 నుంచి జర్మనీలో అమలయింది.

చదువు పద్ధతిని అక్కడ "రెండు ప్లస్" అంటారు. రెండు అంటే సోర్బియన్, జర్మన్. ప్లస్ అంటే ఇంగ్లీషు మొదలైన ఇతర భాషలు. ఇంట్లో సోర్బియన్ మాట్లాడే పిల్లలు, బడిలోనే నేర్చుకుంటున్న పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. భాషా పాఠం మాత్రం వారి వారి స్థాయిని బట్టి సాగుతుంది. చరిత్ర, భూగోళం వంటి పాఠాలు సోర్బియన్‌లో చెబుతారు. అంటే భాష ఒక పీరియడుకు పరిమితం కాదు, ఇతర విషయాలు నేర్చుకునే పనిముట్టు కూడా. దూరపు పల్లెల పిల్లలకు హాస్టలు ఉంది. ఉపాధ్యాయులను లైప్జిగ్ విశ్వవిద్యాలయంలోని సోర్బ్ అధ్యయన శాఖ తయారు చేస్తుంది. పుస్తకాలు బౌట్సెన్‌లోని దోమోవినా ప్రచురణ సంస్థ అచ్చు వేస్తుంది.

ఉన్నత పాఠశాలకు పిల్లలు రావాలంటే కింది తరగతుల్లో ఉండాలి. ఇది గ్రహించి 1998లో కోట్‌బుస్ దగ్గరి జీలో గ్రామపు శిశువిహారంలో వితాయ్ కార్యక్రమం మొదలుపెట్టారు. వితాయ్ అంటే స్వాగతం. ఫ్రాన్స్‌లోని బ్రెటన్ భాష వారి బడులు దీనికి నమూనా. ఇంట్లో జర్మన్ మాట్లాడే పసిపిల్లలతో కూడా అక్కడి ఆయాలు, టీచర్లు రోజంతా సోర్బియన్‌లోనే మాట్లాడతారు.

పదిహేడు మంది పిల్లలు

చట్టాలుంటే చాలదని 2001లో తేలింది. క్రోస్ట్విట్స్ అనే సోర్బ్ గ్రామంలోని మాధ్యమిక పాఠశాలలో ఆ ఏడు అయిదో తరగతికి పదిహేడు మంది పిల్లలు చేరారు. నిబంధన ప్రకారం ఇరవై మంది కావాలి. ముగ్గురు తక్కువయ్యారని ప్రభుత్వం తరగతి తెరవనివ్వలేదు. తల్లిదండ్రులు పిల్లలను వేరే బడికి పంపకుండా కొన్ని వారాలు అక్కడే ఉంచారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు వచ్చి పాఠాలు చెప్పారు. సంగతి దేశమంతా తెలిసింది. అయినా ప్రభుత్వం దిగిరాలేదు. చివరికి పిల్లలు పక్క ఊళ్ల బడులకు వెళ్లారు. 2003లో ఆ బడి మూతపడింది.

మన సంగతి

మనకూ ఇలాంటి అంకె ఒకటి ఉంది. ప్రాథమిక స్థాయిలో బడి మొత్తం మీద నలభై మంది గానీ, ఒక తరగతిలో పది మంది గానీ మాతృభాష కోరితే ఉపాధ్యాయుని ఇవ్వాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకుంది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమంటుంది. 350బి కింద భాషాపర అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి ఉన్నారు. తమిళనాడులో 2006 చట్టం తమిళాన్ని దశలవారీగా పదో తరగతి దాకా తప్పనిసరి చేశాక, అక్కడి మనవారికి ఈ రక్షణల అవసరం ఇంకా పెరిగింది.

సోర్బుల అనుభవం నుంచి మనం తీసుకోవలసినవి మూడు.

ఒకటి, అడగాలి. నోటి మాటగా కాదు, కాగితం మీద. మా ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిచింది. దరఖాస్తు లేని కోరికకు ఆఫీసులో లెక్క ఉండదు. బడులు తెరవడానికి మూడు నెలల ముందే దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోండి.

రెండు, విడివిడిగా కాక కలిసి చేర్చాలి. ఒకే పేటలో పన్నెండు మంది పిల్లలు నాలుగు బడుల్లో ఉంటే ఏ బడిలోనూ పది మంది కారు. ఒకే బడిలో ఒకే తరగతిలో చేరితే ఉపాధ్యాయుని అడిగే హక్కు వస్తుంది.

మూడు, శిశువిహారం నుంచే మొదలుపెట్టాలి. తెలుగు రాని మన పిల్లలను చూసి, ఇక లాభం లేదని వదలకూడదు. కీతో లోరెన్స్‌ను గుర్తు పెట్టుకోండి.

మీ వీధిలో, మీ ఊళ్లో వచ్చే ఏడు ఒకటో తరగతికి వచ్చే తెలుగు పిల్లలెందరో పేరు, వయసు, ఇంటి భాషతో ఒక జాబితా రాయండి. దగ్గరలోని తెలుగు సంఘానికి ఇవ్వండి. క్రోస్ట్విట్స్‌లో తక్కువైనది ముగ్గురే. మన దగ్గర ఎందరు తక్కువో ముందే తెలిస్తే, ఆ కొద్దిమందిని వెతికి తెచ్చుకోవచ్చు.