పొగ గీసిన ప్లాను

వంటిల్లు కొత్తగా కట్టించుకోవాలన్నా, పాతది బాగుచేయించుకోవాలన్నా ఇవాళ మాట టైల్స్ రంగుతో మొదలై అల్మారాల మీదుగా ఆగ్నేయ మూల దగ్గర ఆగుతుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బాబుపేట్ లాంటి చోట వంటిళ్లు ఎలా మారుతూ వచ్చాయో చూస్తే ఈ మూడింటికీ రెండో వరసలోనే చోటు దక్కుతుంది. పొయ్యి ఎక్కడుండాలి, ఎంత ఎత్తునుండాలి, వండే మనిషి కూర్చోవాలా నిలబడాలా, గోడకు రంధ్రం పైన పెట్టాలా కింద పెట్టాలా అన్నవన్నీ ప్రతి కాలంలోనూ నిర్ణయించింది ఇంధనం. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ ఇంధనం వదిలే పొగ. మేస్త్రీ ఆ నిర్ణయానికి గోడలు కట్టాడంతే.

గోండు రాజుల కోట గోడకు బయట, చంద్రపూర్ నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గం పక్కన ఉన్న పేట బాబుపేట్. దగ్గర్లోనే లాల్‌పేట్ బొగ్గు గని. ఈ జిల్లాలో బొగ్గు తవ్వకం వరోరాలో 1871లో మొదలైంది. ఆ తర్వాత బల్లార్‌పూర్, మహాకాళి, లాల్‌పేట్, దుర్గాపూర్ గనులు వచ్చాయి. 1973లో గనుల జాతీయీకరణ తర్వాత ఇవి వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కిందికి చేరాయి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ గనుల చుట్టూ స్థిరపడ్డాయి. ఊళ్లో కట్టెల పొయ్యి మీద వండినవాళ్లు ఇక్కడ బొగ్గు మీద వండడం నేర్చుకోవాల్సి వచ్చింది.

కట్టెల పొయ్యి తీరు వేరు. మట్టితో మెత్తిన పొయ్యి, నేల మీద పీట, పైన పెంకుల సందుల్లోంచి మెల్లగా బయటికి పోయే పొగ. నేలమీద కూర్చుని వండడాన్ని వెనకబాటుతనమని ఇంగ్లీషు చదువులు చదివినవాళ్లు చాలాకాలం తీసిపారేశారు. అందులో ఉన్న లెక్క వాళ్లకు పట్టలేదు. వేడి పొగ పైకి లేచి కప్పు కింద మేఘంలా పేరుకుంటుంది, నేలకు దగ్గరగా ఉన్న గాలిలో పొగ కాస్త పలచగా ఉంటుంది. చిమ్నీ లేని ఇంట్లో నిలబడి వండితే ముఖం సరిగ్గా ఆ పొగలోకే పోతుంది. కూర్చుంటే కళ్లు మండుతాయి కానీ ఊపిరి ఆడుతుంది. అటక మీద, ఉట్టి మీద దాచిన విత్తనాలకు ఆ పొగే పురుగు పట్టకుండా కాపలా. అంటే పైకప్పు, పీట, అటక మూడూ కట్టెల పొగ చుట్టూ కుదిరిన ఏర్పాటే.

బొగ్గు ఈ ఏర్పాటును పగలగొట్టింది. గని బస్తీల్లో వంటకు వాడింది సిగిడి. బకెట్టు ఆకారంలో ఇనుప రేకు, లోపల మట్టి పూత, మధ్యలో ఇనుప చువ్వల జాలీ, కింద బూడిద తీసేందుకు, గాలి పోయేందుకు ఒక నోరు. అడుగున పిడకలో చెక్కపేళ్లో పెట్టి అంటిస్తే ముందు చిక్కటి పొగ లేస్తుంది. ఆ పొగ ఇంట్లో భరించరానిది కాబట్టి సిగిడిని వాకిట్లోనో వసారాలోనో రాజేసి, పొగ తగ్గి బొగ్గు ఎర్రబడ్డాక పిడి పట్టుకుని లోపలికి తెస్తారు. ఇక్కడ జరిగిన మార్పు చిన్నది కాదు. తరతరాలుగా ఒకే మూలకు అతుక్కుని ఉన్న పొయ్యి కాళ్లొచ్చినట్టు నడవడం మొదలెట్టింది. ఒక గది, ఒక వసారా ఉన్న ఇంట్లో వసారాయే వంటింటిలో సగమైంది, పొద్దున్నే వీధంతా ఒకేసారి పొగలో మునిగింది. పైగా పొగ కనిపించనంత మాత్రాన ప్రమాదం తప్పలేదు: ఎర్రగా కాలే బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. చలికాలంలో తలుపులు బిగించి సిగిడిని లోపల పెట్టుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెచ్చేది అందుకే. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, ఒకసారి రాజేస్తే గంటలకొద్దీ ఆరని నిప్పును రేకుల కప్పు కింద పెట్టుకోవడం ఎలాంటి శిక్షో వేరే చెప్పనక్కర్లేదు.

పొగను పొయ్యి దగ్గరే పట్టి బయటికి పంపే ప్రయత్నాలు ఈ ప్రాంతానికి దగ్గర్లోనే జరిగాయి. చంద్రపూర్‌కు రైలు దారిలో ఉన్న వార్ధాలో, గాంధీజీ 1934లో ప్రారంభించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం మగన్‌వాడీ నుంచి మగన్ చూలా వచ్చింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు తయారుచేసిన పొగరాని పొయ్యి ఆ సంస్థ పేరుతోనే హెర్ల్ చూలాగా పేరు పొందింది. దాన్ని వివరిస్తూ ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1953లో అచ్చయింది. ఒకే మంట మట్టి సొరంగం గుండా వెళ్తూ రెండు మూడు గిన్నెలను వేడిచేసి, చివరికి గొట్టంలోంచి కప్పు దాటి పోతుంది. ఆలోచన గట్టిది. 1980లలో కేంద్రం చేపట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచి 2002లో ముగిసింది. చాలా ఇళ్లలో అవి నిలవలేదు. గొట్టం మసితో పూడింది, కప్పుకు పెట్టిన కంతలోంచి వాన కారింది, పొయ్యి కన్నాలకు ఇంట్లో ఉన్న గిన్నెలు సరిపోలేదు. ఆడవాళ్లు మార్పును ఒప్పుకోలేదన్న మాట తేలిగ్గా అనేస్తారు. పొయ్యిని మార్చి కప్పునూ గిన్నెలనూ పట్టించుకోని ప్లాను ఎవరింట్లోనూ నిలబడదు.

గ్యాస్ వచ్చాక నిలబడి వండడం సాధ్యమైంది, ఒక రకంగా తప్పనిసరి కూడా అయింది. సిలిండర్ నిటారుగా నేలమీద ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తున ఉండాలి అన్నది భద్రతా సూత్రం. సిలిండరే మోకాళ్లు దాటిన ఎత్తు, కాబట్టి గట్టు నడుము దాకా లేచింది. మహారాష్ట్రలో ఓటా అని పిలిచే ఈ గట్టుకు చాలాకాలం పరిచిన నల్లరాయి మన కడప ప్రాంతపు సున్నపురాయి పలక, అక్కడ దాని పేరే కడప్పా. నిలువుగా రెండు పలకలు పాతి మీద ఒకటి పరిస్తే చాలు, సెంట్రింగ్ పని లేదు. సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపులుసు పడితే మచ్చ మిగిలేది. పులుసు లేనిదే పూట గడవని వంటింట్లో ఆ రాయి ఎన్ని మచ్చలు మోసిందో ఊహించుకోవచ్చు. తర్వాత గ్రానైట్ దాని చోటు తీసుకుంది.

వంటింటి ప్లాను గీసింది పొగే అన్న మాటకు మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది వాస్తు: పొయ్యి ఆగ్నేయంలో ఉండాలన్న నియమం బొగ్గుకన్నా గ్యాస్‌కన్నా పాతది కదా? నిజమే, కానీ రోజూ వాకిలికీ గదికీ మధ్య తిరిగిన సిగిడికి ఏ మూల ఆగ్నేయం? బొగ్గుతో బతికిన ఇళ్లు ఆ నియమాన్ని వాదన లేకుండా పక్కన పెట్టాయి, గ్యాస్ గట్టు రాగానే మళ్లీ బయటికి తీశాయి. రెండోది, నిలబడి వండే వంటిల్లు పడమటి నుంచి దిగిన ఫ్యాషన్ అనేది. వియన్నా వాస్తుశిల్పి మార్గరెటె ష్యూటె-లిహోట్‌స్కీ 1926లో రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది నేటి మాడ్యులర్ కిచెన్లకు మూలమని చెబుతారు. అడుగులు లెక్కపెట్టి, చేయి చాచితే అందేలా సొరుగులు అమర్చిన ఆ చిన్న గది గ్యాసో కరెంటో ఇంటిదాకా వచ్చిన నగరంలో పుట్టింది. ఆ నమూనాను సిగిడి ఇంట్లో దించితే పని జరగదు. మూడోది కాస్త బరువైనది: కేరళలో కట్టెల పొయ్యిలే ఎత్తయిన గట్టు మీద ఉంటాయి, మరి ఇంధనం మారకుండా మనిషి ఎలా నిలబడింది? అలాంటి గట్టు మీద పొగను లాగే చిమ్నీ ఉన్నచోటే నిలబడడం సుఖంగా సాగుతుంది. కాబట్టి నా మాటను కొంచెం సవరించి చెప్పాలి: కట్టెనా బొగ్గా అన్నదొక్కటే చాలదు, వెలువడేదానికి దారి ఎటు అన్నదే తేల్చే సంగతి.

ఆ దారి ఇప్పుడు తలకిందులైంది. పొగ పైకి పోతుంది, సిలిండర్‌లో వచ్చే వంట గ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి కారితే నేల మీదికి దిగి పరుచుకుంటుంది. మనం మాత్రం పాత అలవాటుతో పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, స్టవ్ మీద చిమ్నీ పెట్టి, కింద సిలిండర్‌ను నాలుగు వైపులా మూసిన అల్మారాలో దాస్తున్నాం. పోపు పొగకు చిమ్నీ కావాల్సిందే, 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచీలో దేశంలో నాలుగో స్థానంలో నిలిచిన చంద్రపూర్‌లో లోపలి గాలినైనా కాపాడుకోవాలి. అయితే ఆ చిమ్నీ, కారిన గ్యాస్‌కు జవాబు కాదు. అందుకే వంటిల్లు తిరగగట్టించే వాళ్లకు చెప్పేదొకటి: టైల్స్ కొట్టుకు వెళ్లేముందు సిలిండర్ ఎక్కడుంటుందో తేల్చండి, ఆ అల్మారా తలుపుకు అడుగున జాలీ పెట్టించండి, నేలకు దగ్గరగా బయటి గోడకు ఒక కంత వదలమని మేస్త్రీకి చెప్పండి, రబ్బరు గొట్టం కనపడేలా, మీటరున్నర దాటకుండా చూడండి. రంగు గురించి ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.