కంటికి కనబడు కొలత
1998లో ప్రధాని వాజ్‌పేయి హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన పిమ్మట మాదాపురపు బండరాళ్ల నడుమ అద్దాల మేడలు వరుసగా లేచినవి. అచ్చటి ఉద్యోగులలో పాత గ్రీజుగన్నులు, చమురుడబ్బాలు, బంకుల ఎనామిలు పలకలు సేకరించు అభిలాష గలవారికి రాణీగంజ్ వీధులును, పురానాపూల్ చెంత జుమ్మేరాత్ బజారును ఎంతో దూరము కావు. ఆ సంత గురువారమే జరుగుట మాత్రము శనివారపు సెలవు గలవారికి కొంత ఇబ్బందియే.

ఈ సామగ్రి కెల్ల పెద్దదిక్కైన పెట్రోలు పంపు పుట్టినది పెట్రోలు కొరకు కాదు. అమెరికాలోని ఫోర్ట్ వేన్ పట్టణమున 1885లో సిల్వానస్ బౌజర్ అనునతడు ఒక చిల్లర వర్తకునికై కిరసనాయిలు తోడు చేతిపంపును నిర్మించెను. పీపా నుండి కారిన నూనె వాసన ప్రక్కనున్న వెన్నకు పట్టుటయే దానికి కారణమని చెప్పుదురు. మోటారుబండ్లు ప్రబలగా 1905లో అతడే దానిని పెట్రోలుకు అనువుగా సంస్కరించెను. అయినను ఇనుపపెట్టెలో నుండి ఎంత వచ్చుచున్నదో కొనువానికి కనబడదు గదా! ఆ అనుమానము తీర్చుటకే, నిలువెత్తు స్తంభముపై గ్యాలన్ల గీతలు గల గాజుపాత్రను నిలిపి, పొడుగాటి పిడిని ఆడించి నేలలోని తొట్టి నుండి పెట్రోలును అందులోని కెక్కించి, కొనువాడు కన్నులార చూచిన మీదట గొట్టము గుండ తనంత తానే బండిలోనికి దిగునట్లు విడిచెడి పంపులు వెలసినవి. సేకరణకర్తలు ప్రాణములు విడుచునది వీనికొరకే. 1930లలో అంకెల చక్రములు తిరిగి వెలను సైతము చూపు యంత్రములు రాగా గాజుపాత్రకు పని లేకపోయెను.

నిజాము రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా నారంభించు నాటికి, 1928లో ఏర్పడిన బర్మా షెల్ కంపెనీ మన దేశమున చమురు వర్తకము సాగించుచుండెను. పిదప 1956 నాటి తూనికల కొలతల చట్టముతో గ్యాలను పోయి లీటరు వచ్చెను. ఎస్సో అను మరియొక చమురు కంపెనీ 1974లోను, బర్మా షెల్ 1976లోను ప్రభుత్వపరమై పేర్లు మార్చుకొనగా పాత పలకలు ఇనుపకొట్ల పాలైనవి. నేటి అరుదుదనమునకు మూలమిదియే.

దొరికినదాని కెల్ల తళతళలాడు రంగు పూయించుట నాకు రుచింపదు. బంకులలో నేటికిని నిలిపియుంచు అయిదు లీటర్ల కొలపాత్రను చూడుడు: దానిపై తూనికలశాఖవారు కొట్టు ముద్రయే దాని చరిత్ర, రంగు క్రింద అదియే మొదట మాయమగును. వాహనదారుడు అడిగినచో బంకువారు ఆ పాత్రలోనికి పట్టి చూపవలసినదే. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు దాటి తగ్గినచో ఆ పంపును ఆపివేయుదురు.