బెంచ్ మీద కుర్రోడు: సీజన్ మొదలవ్వకముందే మనం కట్టే కోటలు

ఈ ఎపిసోడ్ మా ఊరి నుంచే, ధవళేశ్వరం నుంచే చెప్తున్నా.

ప్రతి ఏడాది మార్చి వచ్చిందంటే మా బ్యారేజీ దగ్గర టీ తాగేవాళ్ల మధ్య ఒకటే గొడవ. ఐపీఎల్ ఇంకా మొదలై ఉండదు. కానీ మావాళ్లు అప్పటికే ప్లేయింగ్ లెవెన్ వేసేస్తారు. పెద్ద పేర్ల గురించి ఎవరికీ పేచీ లేదు. గొడవంతా వేలంలో ఇరవై లక్షలకో ముప్పై లక్షలకో కొన్న మన తెలుగు కుర్రోడి గురించే. ఇంకా ఒక్క బంతి కూడా ఆడలేదు వాడు, డగౌట్‌లో వాటర్ బాటిళ్లు మోస్తున్నాడు. అయినా సరే, "వీణ్ణి దింపితే చాలండి, కప్పు మనదే" అంటారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా పెద్దలు?

నేనేం తక్కువ తినలేదు, నేనూ ఆ బ్యాచే. కానీ ఈ మధ్య పాత స్కోర్‌కార్డులు తిరగేస్తుంటే ఒక డౌట్ వచ్చింది. కొత్తగా వచ్చిన బ్యాకప్ ఆటగాడి నుంచి మనం అసలు ఏం ఆశించాలి? ఇప్పటిదాకా ఏం ఆశించాం? ఇవాళ్టి కథ అదే.

ముందు గుంటూరు కుర్రోడు షేక్ రషీద్‌తో మొదలెడదాం. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో ఇండియాకి వైస్ కెప్టెన్. టోర్నీ మధ్యలో కోవిడ్ వచ్చింది. కోలుకుని సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టాడు. కెప్టెన్ యశ్ ధుల్‌తో కలిసి 204 పరుగుల పార్ట్‌నర్‌షిప్. ఫైనల్లో ఇంగ్లండ్ మీద హాఫ్ సెంచరీ. ఆ ఏడాది డిసెంబర్ వేలంలో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షలకి కొన్నది. ఇంకేముంది, మనవాళ్లు అతన్ని 2023 సీజన్ మొదలవ్వకముందే ఓపెనర్‌ని చేసేశారు.

జరిగిందేంటి? 2023లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. 2024లోనూ లేదు. చెన్నై వదిలేసి, మళ్లీ వేలంలో 30 లక్షలకి తీసుకుంది. చివరికి 2025 ఏప్రిల్ 14న లక్నోలో దింపారు. ఎందుకు? రుతురాజ్ గైక్వాడ్ మోచేతి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు, ఓపెనింగ్‌లో ఖాళీ వచ్చింది. రషీద్ 19 బంతుల్లో 27 కొట్టాడు, చెన్నై గెలిచింది. అంటే 27 పరుగుల కోసం రెండేళ్లకి పైగా కూర్చున్నాడు. ఈ "కూర్చోవడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. 1990ల చివర. ఇండియాకి వికెట్ కీపర్ అంటే నయన్ మోంగియా. ఆయన లేనప్పుడు ఆ గ్లవ్స్ వేసుకున్నవాళ్లలో మన గుంటూరు జిల్లా మేడికొండూరులో పుట్టిన ఎమ్మెస్కే ప్రసాద్ ఒకరు. 1999లో న్యూజిలాండ్ మీద మొహాలీలో టెస్ట్ డెబ్యూ. వెంటనే ఆస్ట్రేలియా టూర్. ఎదురుగా మెక్‌గ్రాత్, బ్రెట్ లీ. మొత్తం 6 టెస్టులు, 17 వన్డేలు. టెస్టుల్లో అత్యధిక స్కోరు 19. 2000 జనవరి సిడ్నీ టెస్టే ఆఖరిది. బ్యాకప్‌గా వచ్చాడు, నిలబడలేకపోయాడు అని లెక్క తేల్చేశాం.

అదే మనిషి 2016లో ఇండియా చీఫ్ సెలెక్టర్ అయ్యాడు. 2018లో ఇంగ్లండ్ టూర్ మధ్యలో ఆయన కమిటీ ఆఖరి రెండు టెస్టులకి ఇద్దరు కుర్రాళ్లని పిలిచింది. ఒకరు పృథ్వీ షా. రెండోవాడు మా గోదావరి జిల్లావాడే, కాకినాడలో పుట్టిన హనుమ విహారి. దేశమంతా షా గురించే మాట్లాడింది. కానీ ఓవల్ టెస్టులో ఆడింది విహారి. మొదటి ఇన్నింగ్స్‌లో 56 కొట్టాడు. అది అలెస్టర్ కుక్ ఆఖరి టెస్ట్. రెండో ఇన్నింగ్స్‌లో 125 మీదున్న రూట్‌ని, 147 మీదున్న కుక్‌ని వరస బంతుల్లో ఔట్ చేసింది ఎవరనుకుంటున్నారు? విహారే, పార్ట్‌టైమ్ ఆఫ్‌స్పిన్‌తో!

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అదే ఏడాది డిసెంబర్ 26, మెల్‌బోర్న్ టెస్ట్. ఓపెనర్లు ఆడట్లేదని మిడిలార్డర్ విహారిని ఓపెనింగ్‌కి పంపారు. 66 బంతులాడి 8 పరుగులకి ఔటయ్యాడు. అప్పుడు నేను బీటెక్ ఫైనల్ ఇయర్. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆ ఎనిమిది మీద నేను వేసిన జోకులు అన్నీ ఇన్నీ కావు. "కాకినాడ కాజా కరగడానికి కూడా ఇంత టైమ్ పట్టదు" అన్నా. అందరూ నవ్వారు. ఆ 66 బంతులు కొత్త బంతి షైన్ పోగొట్టాయని, తర్వాత వచ్చిన పుజారా సెంచరీ కొట్టాడని, ఇండియా ఆ మ్యాచ్ గెలిచిందని నాకు అప్పుడు పట్టలేదు.

2021 జనవరి 11, సోమవారం. ఈ డేట్ నాకు ఎందుకు గుర్తుందో చెప్తా. అప్పుడు కోవిడ్, వర్క్ ఫ్రమ్ హోమ్. నేను మా ఇంట్లోనే ఉన్నా, కానీ వర్క్ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి తెలుసు, ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా ఉంటే "బెంచ్ మీద ఉన్నాడు" అంటారు. నేను అలా బెంచ్ మీద ఉన్నా. జీతం వస్తుంది, కానీ పొద్దున్నే లాగిన్ అయిన ప్రతిసారీ ఈరోజు తీసేస్తారేమో అని భయం. అమ్మ "ఏరా, పనేం లేదా?" అని అడిగితే "ఉందమ్మా" అని అబద్ధం చెప్పి స్క్రీన్ ముందు కూర్చునేవాణ్ణి.

ఆరోజు తెల్లారకముందే సిడ్నీ టెస్ట్ ఐదో రోజు పెట్టా. రిషబ్ పంత్ 97కి ఔటయ్యాడు, కాసేపటికి పుజారా కూడా. క్రీజులో విహారి, అశ్విన్. విహారికి తొడ వెనక కండరం పట్టేసింది, పరిగెత్తలేడు. అశ్విన్‌కి నడుం నొప్పి. ఇద్దరూ కలిసి 42 ఓవర్లకి పైగా నిలబడ్డారు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్. మ్యాచ్ డ్రా. 66 బంతుల్లో 8 అని నేను నవ్విన మనిషే, అదే ఆట ఆడి టెస్ట్ కాపాడాడు. ఆ గాయంతోనే తర్వాత బ్రిస్బేన్ మ్యాచ్‌కి దూరమయ్యాడు. గబ్బాలో చరిత్ర సృష్టించిన పదకొండు మందిలో అతను లేడు. కానీ సిడ్నీలో ఓడిపోయుంటే గబ్బా గెలుపుతో సిరీస్ వచ్చేదా? 2-2 అయ్యేది.

ఆ సాయంత్రం ఆ పాత గ్రూపులో సారీ అని పెట్టా. ఎవరూ పట్టించుకోలేదు. పర్లేదు.

తర్వాత విశాఖ కుర్రోడు కోన శ్రీకర్ భరత్. 2015 రంజీలో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ అతనే. దాంతో మనవాళ్ల ఆశలు ఆకాశానికి వెళ్లాయి. కానీ టీమ్‌లో ముందు సాహా, పంత్ ఉన్నారు. భరత్ జట్టుతో పాటు ఊళ్లు తిరిగాడు, ప్రాక్టీస్ చేశాడు, కూర్చున్నాడు.

2021 నవంబర్, కాన్పూర్ టెస్ట్, న్యూజిలాండ్‌తో. మూడో రోజు పొద్దున్న సాహాకి మెడ పట్టేసింది. భరత్ సబ్‌స్టిట్యూట్‌గా గ్లవ్స్ వేసుకుని వచ్చాడు. బంతి కింద కింద వస్తున్న పిచ్. 89 మీదున్న విల్ యంగ్ క్యాచ్ నేల దగ్గర అందుకున్నాడు. రాస్ టేలర్ క్యాచ్ పట్టాడు. 95 మీదున్న టామ్ లాథమ్‌ని స్టంప్ చేశాడు. మూడు వికెట్లలో చెయ్యి ఉంది.

ఇప్పుడు స్కోర్‌కార్డ్ తీయండి. పేరు పక్కన "సబ్" అని ఉంటుంది. రూల్ ప్రకారం సబ్‌స్టిట్యూట్ పట్టిన క్యాచ్ అతని కెరీర్ లెక్కలో చేరదు. ఆ మూడూ భరత్ ఖాతాలో లేవు! అతని టెస్ట్ డెబ్యూ 2023 ఫిబ్రవరి, నాగపూర్. పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక. ఏడు టెస్టులాడాడు, అత్యధికం 44. అంకెలు చూసేవాడు "ఓస్ ఇంతేనా" అంటాడు. కాన్పూర్ పొద్దున చూసినవాడు అనడు.

ఇదేదో మన దగ్గరే అనుకోకండి. అమెరికా ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అని ఒక పొజిషన్ ఉంటుంది, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. వాళ్లకి ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచ్‌లు ఉంటాయి. అప్పుడు ఫ్యాన్స్ అంతా కొత్త బ్యాకప్ రన్నింగ్ బ్యాక్ గురించే కొట్టుకుంటారు, అచ్చం మా టీ బ్యాచ్ లాగే. 1995లో టెరెల్ డేవిస్ అని ఒకణ్ణి డెన్వర్ టీమ్ ఆరో రౌండ్‌లో, 196వ నంబర్‌గా తీసుకుంది. లైన్‌లో ఆఖర్లో నిలబడ్డవాడు. టోక్యోలో జరిగిన ప్రీసీజన్ మ్యాచ్‌లో కోచ్‌ల కళ్లల్లో పడ్డాడు. పరుగుతో కాదండోయ్! కిక్ తర్వాత బంతి పట్టుకొచ్చేవాణ్ణి ఎదురెళ్లి గట్టిగా పడగొట్టాడు. తనది కాని పని అంత బాగా చేశాడు. మూడో సీజన్‌కి సూపర్ బౌల్‌లో బెస్ట్ ప్లేయర్.

మనకి అలాంటి సక్సెస్ లేదా అంటే, నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడుగా. 2023లో సన్‌రైజర్స్ 20 లక్షలకి కొన్నది. ఆ ఏడాది రెండే మ్యాచ్‌లు. 2024 ఏప్రిల్‌లో పంజాబ్ మీద 37 బంతుల్లో 64. డిసెంబర్‌కి మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ. అక్కడ కూడా ఒకటి చూడండి. నితీశ్ 99 మీదుండగా బుమ్రా ఔటయ్యాడు. ఆఖరి బ్యాట్స్‌మన్‌గా మన హైదరాబాద్ సిరాజ్ వచ్చాడు, కమిన్స్‌ని మూడు బంతులు ఆపాడు. తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి వంద చేశాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న కన్నీళ్లు మనందరి ఫోన్లలో వైరల్ అయ్యాయి. ఆ మూడు బంతుల రీల్ ఎవరైనా చేశారా?

సరే, రషీద్ దగ్గరికి వద్దాం. లక్నో తర్వాత పదకొండు రోజులకి, ఏప్రిల్ 25న, చెన్నైలో సన్‌రైజర్స్ మీద మ్యాచ్. మొదటి బంతికే షమీ ఔట్ చేశాడు. రెండేళ్లు ఎదురుచూసిన కుర్రోడు అండి, ఒక్క బంతికి వెనక్కి నడిచాడు. ఆ క్షణంలో నాకు హాస్టల్ గ్రూప్ గుర్తొచ్చింది. ఫోన్ చేతిలోనే ఉంది. ఈసారి ఏమీ టైప్ చెయ్యలేదు. ఏడేళ్లలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అదే.

బెంచ్ మీదున్న ఆరు నెలలు నేనేం చేశానో చెప్పనా? రోజూ ఎవరో రాసిన పాత కోడ్ చదివా. ఒకరోజు రాత్రి ఒక సీనియర్‌కి జ్వరమొస్తే నన్ను పిలిచారు. సిస్టమ్ ఆగకుండా చూశా. పొద్దున్నకి ఎవరికీ ఏమీ తెలియలేదు. తెలియకపోవడమే నేను పని సరిగ్గా చేసినట్టు.

మా బ్యారేజీకి 175 గేట్లు. పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు గోదావరిని చూడ్డానికి జనం గట్టు మీదకి వస్తారు, సెల్ఫీలు దిగుతారు. ఎండాకాలంలో గేట్లకి రిపేర్లు చేసేవాళ్లని చూడ్డానికి మాత్రం ఎవరూ రారు.

వచ్చే మార్చిలో కూడా ఒక కొత్త పేరు వస్తుంది. మా టీ బ్యాచ్ వాణ్ణి ఆకాశానికెత్తుతుంది, నేనూ ఎత్తుతా, ఆశ లేకపోతే ఫ్యాన్ ఎలా అవుతాం? కాకపోతే ఈసారి వందలు అడగను. పిలిచిన రోజున సిద్ధంగా ఉన్నాడా, ఖాళీ కనపడకుండా నింపాడా, అది చూస్తా. మొదటి బంతికి ఔటైతే, రెండో మ్యాచ్ దాకా ఆగుతా.

మీ ఊళ్లో బెంచ్ మీద ఉన్న కుర్రోడు ఎవరో కింద రాయండి. ఉంటానండి మరి.