టెంకలో జీడిని కనిపెట్టిన ఆవిడ



2024 డిసెంబరు 4వ తేదీ పొద్దున్న మీ వంటింట్లో గిన్నెలు గలగలలాడాయా? హైదరాబాదులో మా ఇంట్లో ఆడాయి. పిల్లి దూరిందేమో అనుకున్నాను. ఇంతలో మా అబ్బాయి ఫోను చూసి, "అమ్మా, ములుగు దగ్గర భూకంపమట. తీవ్రత 5.3" అన్నాడు. ఎక్కడో భూమి కదిలిన సంగతి పైసా ఖర్చు లేకుండా మనింటికి వచ్చేసింది! ఈ సదుపాయం వెనక ఎవరెవరి కష్టముందో ఎప్పుడైనా ఆలోచించారా?

జాన్ మిల్న్ అనే ఇంగ్లీషాయన 1876లో జపాను వెళ్ళి, పాఠాలు చెబుతూనే భూకంపాల మీద మనసు పెట్టాడు. అక్కడి అమ్మాయి టోనేనే పెళ్ళాడాడు. 1895లో ఇల్లు తగలబడి, ఏళ్ళ తరబడి రాసుకున్న కాగితాలు బూడిదయ్యాయి. మనమైతే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటాం. ఆయన భార్యతో ఇంగ్లండు తిరిగివచ్చి, షైడ్ అనే ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టాడు. భూకంపాలను నమోదు చేసే తన యంత్రాలను దేశదేశాల్లో పెట్టించాడు. మన బొంబాయి, కలకత్తా, కొడైకెనాల్‌లలో కూడా ఉండేవి. అన్నిచోట్ల నుంచీ లెక్కలు తెప్పించి, ఒకచోట చేర్చి, అచ్చువేసి పంచిపెట్టాడు. 1913లో ఆయన పోయాక ఆక్స్‌ఫర్డులో టర్నర్ పండితుడు ఆ పని అందుకున్నాడు.

"ఆ అంకెలు ఎవరికి పనికొచ్చాయి?" అంటారా? చెబుతా వినండి.

డెన్మార్కులో ఇంగే లేమన్ అనే ఆవిడ ఉండేది. 1929లో న్యూజీలాండులో పెద్ద భూకంపం వచ్చింది. దాని తరంగాలు ఏ ఊరికి ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లకు చేరాయో అట్టముక్కల మీద రాసి, ఓట్స్ వచ్చే ఖాళీ అట్టపెట్టెల్లో సర్దుకునేదట. తోటలో బల్లమీద ఆ పెట్టెలు పరుచుకుని కూర్చునేదని బంధువొకాయన చెప్పాడు. మనం పోపుల డబ్బా సర్దుకున్నట్టే!

అప్పట్లో భూమి నడిబొడ్డంతా ద్రవమేననుకునేవారు. అలాగైతే కొన్నిచోట్లకు ఆ తరంగాలు చేరకూడదు. కానీ రష్యాలోని స్వెర్డ్‌లోవ్‌స్క్, ఇర్కుట్‌స్క్ యంత్రాల మీద సన్నగా గీతలు పడ్డాయి. తక్కినవాళ్ళు పెద్దగా పట్టించుకోని ఆ గీతల్ని ఆవిడ వదల్లేదు. మామిడికాయ టెంకలో జీడి ఉన్నట్టు, ఆ ద్రవం లోపల మరో గుండు ఉందని 1936లో చాటింది. అది గట్టిగా ఉంటుందని తరవాతివాళ్ళు తేల్చారు.

భూమి లోపలికి ఆవిడ వెళ్ళిందా? లేదు. ఎక్కడెక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసిన అంకెల్ని ఓపిగ్గా పక్కపక్కన పెట్టి చూసింది. వాళ్ళు దాచుకుని ఉంటే, ఆవిడ తెలివి ఏం చేయగలిగేది?

1964లో దీనికోసం అంతర్జాతీయ కేంద్రమే వెలిసింది. ఇప్పుడా లెక్కలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. రేపు ఫలానా గంటకు భూకంపం వస్తుందని మాత్రం అవి చెప్పవు. అలా చెప్పేవాళ్ళని నమ్మకండి. ఎక్కడ తరచూ వస్తుందో, ఇల్లెలా కట్టుకోవాలో తెలుసుకోవడానికి మాత్రం అవే ఆధారం.

ఈసారి గిన్నెలు కదిలితే, ముందు పిల్లల్ని చూసుకోండి. తరవాత మీ అమ్మాయికి ఈ అట్టపెట్టెల ఆవిడ కథ చెప్పండి.

సెలవు.