ఇద్దరు కోతలరాయుళ్లు

1963లో జాన్ ష్లెసింజర్ తీసిన ‘బిల్లీ లయర్’ చూస్తుంటే మనవాళ్లకి గిరీశం గుర్తుకు రాక మానడు. బిల్లీ ఒక శవపేటికల కంపెనీలో గుమాస్తా. కేలెండర్లు పోస్టు చెయ్యమని ఇచ్చిన డబ్బు వాడేసుకుని, కేలెండర్లని ఇంట్లో దాచేస్తాడు. ఇద్దరమ్మాయిలకి పెళ్లి మాటిచ్చాడు, ఉంగరం మాత్రం ఒక్కటే. గిరీశం కూడా అంతే కదా: పూటకూళ్లమ్మ డబ్బు, మధురవాణి ఇల్లు, బుచ్చమ్మ మీద కన్ను!

ప్లాజా, టివోలీ, సంగీత్ హాళ్లలో ఇంగ్లీషు సినిమాలు చూసిన సికింద్రాబాద్ వాళ్లు, నాటకంలోంచి పుట్టిన ఇలాంటి కామెడీ ఇంగ్లీషువాళ్ల సొత్తనుకుంటే ఆశ్చర్యం లేదు. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1955లో, వినోదా వాళ్లు పి.పుల్లయ్య దర్శకత్వంలో ‘కన్యాశుల్కం’ తీసేశారు. ‘దేవదాసు’ తీసిన సంస్థే అది.

రెండూ సినిమాకి లొంగని నాటకాలే, కాకపోతే కారణాలు వేరు. ‘బిల్లీ లయర్’ నాటకం (1960) అంతా ఒక్క ఇంట్లోనే నడుస్తుంది. బిల్లీ ఊహల్లోని ఆంబ్రోషియా దేశం మాటల్లో వినబడాల్సిందే. కెమెరా రాగానే ఆ దేశపు సైన్యం వీధుల్లో కవాతు చేసింది. అబద్ధం కంటికి కనబడింది. సినిమా నాటకానికి కొత్తగా ఇచ్చినది అదే.

గురజాడ నాటకంలో కంటికి కనబడాల్సినవి తక్కువ. అక్కడ ఉన్నదంతా మాట. 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకాన్ని ఆయన 1909కల్లా దాదాపు మళ్లీ రాశారు. పూర్తిగా ఆడితే గంటలకు గంటలు పడుతుంది. మంచం కింద గిరీశం, రామప్పపంతులు ఇద్దరూ దాక్కునే ఘట్టం లాంటివి తెరకి సులువే. గిరీశం ఇంగ్లీషు ముక్కల ఉపన్యాసాలు అలా కాదు. వాటిని కోస్తే మనిషే మిగలడు, కొయ్యకపోతే సినిమా కదలదు.

అసలు చిక్కు ఇంకొకటి. 1951లో ‘పాతాళభైరవి’తో జనం మెచ్చిన ఎన్టీఆర్ ఇందులో గిరీశం. ఆయన బాగా చేశాడు, సందేహం లేదు. కానీ తెర మీద దగాకోరు కంటే అందగాడే ముందు కనబడతాడు. టామ్ కోర్ట్‌నీకి ఆ ఇబ్బంది లేదు, బక్కపల్చని ఆ ముఖంలోనే పిరికితనం ఉంది. మన సినిమాలో నాటకానికి దగ్గరగా నిలిచింది, నా లెక్కలో, సావిత్రి మధురవాణి. సి.ఎస్.ఆర్. రామప్పపంతులు ఆ పక్కనే.

చివర చూడండి. బిల్లీ లండన్ రైలెక్కి, పాలు కొనడానికని దిగి, రైలు వెళ్లిపోయేదాకా ఆగుతాడు. వాణ్ణి ఎవరూ పట్టుకోరు, తనే తనని ఆపేసుకుంటాడు. గురజాడ తన నాటకంలో గిరీశానికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపించి, వీణ్ణి ఉత్త చేతులతో నిలబెట్టాడు. జిల్లాలో మూడేళ్లలో వెయ్యికి పైగా కన్యాశుల్కం పెళ్లిళ్లు జరిగాయని లెక్క చూసిన రచయిత కదా, బుచ్చమ్మ బతుకుని ఇంకో నవ్వులాట కింద వదిలెయ్యలేకపోయాడు.

1957లో ‘మాయాబజార్’ వచ్చింది. ఎన్టీఆర్ కృష్ణుడయ్యాడు, సావిత్రి శశిరేఖ అయింది. ఆ తర్వాత గిరీశం వేషం ఆయనకి ఇచ్చే ధైర్యం ఎవరికుంటుంది?