లావు తీగల రాకపోకలు

ఎలక్ట్రిక్ గిటార్ తీగల ప్యాకెట్ మీద 9, 10, 11 అని పెద్ద అంకె ఒకటి కనిపిస్తుంది. ఆ సెట్లో అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ మందం అది, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. పది అంటే పావు మిల్లీమీటరు. కొట్టుకొచ్చిన కుర్రాడు "టెన్స్ ఇవ్వండి" అన్నాడంటే ఆ ఒక్క మాటతో ఆరు తీగల సంగతీ చెప్పేసినట్టే. తొమ్మిది నుంచి పదికి, పది నుంచి పదకొండుకి మారడం గిటారిస్టుల్లో ఒక దీక్షలాగా నడుస్తుంటుంది. వేళ్లు కాయలు కాస్తాయి, గిటార్ మెడ వంగుతుంది, బ్రిడ్జి పైకి లేస్తుంది. ఇవన్నీ ఓర్చుకున్నవాడికి చివర్లో "టోన్" దక్కుతుందని నమ్మకం. తమాషా ఏమిటంటే, 1955లో అమెరికాలో ఏ గిటార్ కొట్లోనూ పదకొండుని ఎవరూ లావు తీగ అనేవారు కాదు. అప్పటి మామూలు సెట్టే పన్నెండుతోనో పదమూడుతోనో మొదలయ్యేది.

లావు తీగ అసలు వాడుకలోకి వచ్చింది గిటార్‌కి కరెంటు లేని రోజుల్లో. 1920ల, 30ల డాన్స్ బ్యాండ్లలో గిటార్ వాయించేవాడి చుట్టూ ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు, డ్రమ్ములు. ఆ హోరులో తన వాయిద్యం వినబడాలంటే తీగ వెళ్లి గిటార్ పైచెక్కని గట్టిగా కదిలించాలి. అందుకని బరువైన తీగని బిర్రుగా బిగించి, మెట్లకి బాగా ఎత్తులో ఉంచి, బలంగా మీటేవారు. కౌంట్ బేసీ బ్యాండులో 1937లో చేరి 1987లో కన్నుమూసేదాకా ఉన్న ఫ్రెడీ గ్రీన్ వాయించిన పద్ధతి ఇదే. సోలోలు లేవు, తీగ లాగడాలు లేవు, తాళానికి నాలుగు దెబ్బలు, అంతే. ఆ నాలుగు దెబ్బల మీదే బ్యాండంతా నడిచేది. అలాంటి పనికి లావు తీగని మించింది లేదు.

ఈ వినబడకపోవడమనే బాధ తీర్చడానికే పికప్ పుట్టింది. 1932లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ కలిసి ఒళ్లో పెట్టుకుని వాయించే అల్యూమినియం హవాయీ గిటార్ ఒకటి అమ్మకానికి పెట్టారు. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి కాడ చూసి జనం దానికి "ఫ్రైయింగ్ పాన్" అని పేరు పెట్టేశారు. అయస్కాంతం, దాని దగ్గర రాగి తీగచుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. దీంతో చెక్కని కదిలించే చాకిరీ తీగకి తప్పిపోయింది. ఉక్కుదైతే చాలు, ఎంత సన్నదైనా ఫరవాలేదు, మిగతా బలం యాంప్లిఫయర్ ఇస్తుంది. న్యాయంగా అయితే లావు తీగల కథ అక్కడితో ముగిసిపోవాలి. కానీ మరో ముప్పై ఏళ్లపాటు గిటార్లు పాత తీగలతోనే అమ్ముడుపోయాయి. 1936లో గిబ్సన్ తెచ్చిన ఇ.ఎస్. 150 అయినా, 1954లో ఫెండర్ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ అయినా అదే వరస. అవసరం తీరిపోయింది, అలవాటు మాత్రం పోలేదు.

ఆ అలవాటు గుర్తు స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఇప్పటికీ ఉంది. పాత పద్ధతి పికప్‌ని దగ్గరగా చూడండి. ఆరు తీగల కింద ఆరు అయస్కాంతపు కడ్డీలుంటాయి. అవి ఒక వరసలో ఉండవు. మూడో తీగ కిందది బాగా పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని పక్కనే రెండో తీగ కిందది లోపలికి దిగి ఉంటుంది. చేతకాని పనితనం అనుకోకండి, లెక్క ప్రకారం చేసిందే. ఆ కాలపు సెట్లలో మూడో తీగ కూడా చుట్టు తీగే. అంటే లోపల సన్నటి ఉక్కు, దాని చుట్టూ ఇంకో తీగ చుట్టి ఉండేది. లోపలి ఉక్కు సన్నది కాబట్టి శబ్దం తక్కువ వస్తుంది, అందుకని అయస్కాంతాన్ని దగ్గరికి జరిపారు. తర్వాత రోజుల్లో మూడో తీగ చుట్టులేని నికరమైన ఉక్కు తీగ అయింది, అయస్కాంతం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పాత నమూనా పికప్ ముచ్చటపడి కొనుక్కుని, మూడో తీగ ఒక్కటే ఎందుకిలా అరుస్తోందని తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ చుట్టు మూడో తీగే తిరుగుబాటుకి కారణమైంది. బ్లూస్, కంట్రీ, రాకెన్‌రోల్ వాయించేవాళ్లకి తీగని మెట్టు మీద పక్కకి లాగి స్వరాన్ని పైకి సాగదీయాలి. చుట్టు తీగని ఎంత లాగినా స్వరం పెద్దగా ఎక్కదు, వేలు మాత్రం తెగుతుంది. అందుకని వాయించేవాళ్లే దొడ్డిదారి కనిపెట్టారు. సెట్ కొని ఆరో తీగని అవతల పారేస్తారు. ఐదోదాన్ని ఆరో స్థానంలో, నాలుగోదాన్ని ఐదో స్థానంలో, అలా ఒక్కో మెట్టు జరుపుకుంటూ వస్తారు. ఖాళీ అయిన మొదటి స్థానంలో బ్యాంజో తీగ కడతారు. రికీ నెల్సన్ పాటల్లో గిటార్ వాయించిన జేమ్స్ బర్టన్ బ్యాంజో తీగలు వాడిన సంగతి తనే చాలాసార్లు చెప్పాడు. 1950ల చివర్లో ఆ రికార్డులు విన్నవాళ్లకి, ఈయన తీగ అంత తేలిగ్గా ఎలా సాగుతోందో ఓ పట్టాన అర్థమయ్యేది కాదు.

ఇదంతా కొట్టు గల్లా పెట్టె దగ్గర కూర్చుని గమనించినవాడు ఎర్నీ బాల్. కాలిఫోర్నియాలో టర్జానా అనే చోట గిటార్ల కొట్టు ఆయనది. కొత్తగా నేర్చుకునే పిల్లలు అప్పటి ఫెండర్ మీడియం సెట్టుతో అవస్థ పడటం చూశాడు. అందులో మూడో తీగ 29, అదీ చుట్టు తీగ. దీన్ని సన్నం చేయండి మహాప్రభో అని ఫెండర్ వాళ్లని అడిగితే వాళ్లు పట్టించుకోలేదు. దాంతో తీగలు చేసే ఫ్యాక్టరీకి తనే ఆర్డరిచ్చి సన్న సెట్లు చేయించుకున్నాడు. 1962లో "స్లింకీ" పేరుతో అవి అమ్మకానికొచ్చాయి. రెగ్యులర్ స్లింకీ అంటే 10, 13, 17, 26, 36, 46. ఈ ఆరంకెలూ ఇవాళ ఎలక్ట్రిక్ గిటార్ ప్రపంచానికి ఎక్కాల్లాంటివి. అందులో మూడోది 17, చుట్టు లేదు. తర్వాత 9తో మొదలయ్యే సెట్టూ వచ్చింది. మిగతా కంపెనీలు కొన్నాళ్లు చూసి, చివరికి అదే దారి పట్టాయి.

తీగ లాగడం కోసం తీగలనే మార్చుకున్న మనిషి మనకీ ఒకాయన ఉన్నాడు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్‌కి మామూలుగా ఎనిమిది తీగలు, జతలు జతలుగా ఉంటాయి. జంట తీగల మీద గమకం పలికించడం దాదాపు అసాధ్యం, రెండూ ఒకేలా సాగాలి కదా. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జతలు తీసేసి అయిదు విడి తీగలు పెట్టుకున్నాడు. గిటార్ వాళ్ల గొడవకీ ఈ మార్పుకీ నేరుగా సంబంధం లేదు. రెండుచోట్లా చికాకు మాత్రం ఒకటే: వేలు అడిగింది తీగ ఇవ్వలేదు.

ఇక అసలు లెక్కకొద్దాం. తీగ పొడవు, స్వరం మారకుండా మందం మాత్రమే పెంచితే బిగువు మందం వర్గంతో పాటు పెరుగుతుంది. 9 నుంచి 10కి వెళ్తే పెరిగింది వెయ్యో వంతు అంగుళమే కానీ, బిగువు 23 శాతం ఎక్కువవుతుంది. స్ట్రాటోకాస్టర్ మీద మొదటి తీగ 9 అయితే లాగుడు దాదాపు 6 కిలోలు. 10 అయితే 7.3, 11 అయితే 8.9, 13 అయితే 12 పైచిలుకు. ఆరు తీగలూ కలిపితే 9 సెట్టు 38 కిలోల చుట్టూ, 10 సెట్టు 47 చుట్టూ, 11 సెట్టు 53 చుట్టూ మెడని లాగుతుంటాయి. పైగా తీగని పక్కకి లాగి ఒక పూర్తి స్వరం ఎక్కించాలంటే ఉన్న బిగువు మీద మరో 26 శాతం మోయాలి. మొయ్యాల్సింది వేలి చివరి కండ.

ఇంత తెలిసీ లావు తీగలకి తిరిగి వెళ్లాలనే మోజు ఎందుకు పుట్టిందంటే, జవాబు చాలావరకు ఒక్క మనిషి. టెక్సస్‌కి చెందిన స్టీవీ రే వాన్. 1983లో "టెక్సస్ ఫ్లడ్" రికార్డు వచ్చినప్పటికి అమెరికన్ రేడియోలో సింథసైజర్ల రాజ్యం. ఆ మధ్యలో ఈయన పాత స్ట్రాటోకాస్టర్ పట్టుకుని, గంట కొట్టినట్టు ఖంగుమనే శబ్దంతో వచ్చాడు. తీగలు చూస్తే 13తో మొదలై 58తో ముగుస్తాయి. వాటిని సన్న తీగల్లాగే సాగదీసేవాడు. వేలి చర్మం లేచిపోతే సూపర్ గ్లూ పూసుకుని మళ్లీ వేదికెక్కేవాడు. ఈ గ్లూ కథ విన్న ప్రతి కుర్రాడూ మర్నాడే పదమూళ్లు కొనుక్కొచ్చాడు.

వాళ్లకి ఎవరూ చెప్పని సంగతొకటుంది. వాన్ గిటార్ శ్రుతి మామూలుకన్నా అరస్వరం కిందికి ఉండేది. అరస్వరం దించితే బిగువు 11 శాతం తగ్గుతుంది. ఆ లెక్కన ఆయన 13 తీగ మామూలు శ్రుతిలో 12 మీద ఉన్నంత బిగువుకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అదీ తేలిక కాదనుకోండి, ఆయన చేతులు అసలే పెద్దవి, బలమైనవి. కానీ మామూలు శ్రుతిలో 13 కట్టి, మణికట్టు వాచి, నెల తిరక్కుండా మళ్లీ 10కి దిగినవాళ్లది మాత్రం పులిని చూసి నక్క వాత పెట్టుకున్న కథే. లావు తీగ, దించిన శ్రుతి రెండూ కలిపి తీసుకోవాల్సిన మందు. సగం మింగితే నొప్పే మిగులుతుంది.

వాన్‌కి ముందే ఇంకో మొండిఘటం ఉన్నాడు. సర్ఫ్ గిటార్‌కి ఆద్యుడు డిక్ డేల్. "మిసిర్లూ" వాయించినాయన. ఎడమచేతి వాటం, కుడిచేతి వరసలో కట్టిన తీగల్నే తిరగేసి వాయించేవాడు. ఆయన మొదటి తీగ 16, ఆరోది 60 దాకా. అయితే ఆయన తీగలు లాగేవాడు కాదు, పిక్‌తో రంపంలా ఎడాపెడా బాదేవాడు. అలాంటి చేతికి సన్న తీగ పెడితే పాట మధ్యలోనే తెగి ఊరుకుంటుంది. ఈ ఇద్దరు లావు తీగల వీరులూ 1987లో ఒక సినిమా కోసం "పైప్‌లైన్" అనే సర్ఫ్ పాటని కలిసి రికార్డు చేశారు. రెండు గిటార్ల మీదా కలిపి ఎన్ని కిలోల బిగువుందో లెక్కేసుకుంటే మెడల మీద జాలేస్తుంది.

లావు తీగకే టోన్ అనే వాదానికి ఎదురుసాక్షి బిల్లీ గిబ్బన్స్. జీజీ టాప్ బ్యాండులో ఆయన గిటార్ మోత ఎంత లావుగా ఉంటుందో విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆయన వాడేది 7తో మొదలయ్యే సెట్టు. ఒకసారి బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ నా గిటార్ తీసుకుని వాయించి చూసి, ఎందుకు ఇంత కష్టపడుతున్నావని అడిగాడని, ఆ రోజు నుంచి సన్నం చేసుకుంటూ వచ్చానని గిబ్బన్స్ చెబుతుంటాడు. నా అభిప్రాయం అడిగితే, లావు తీగ ఇచ్చే "టోన్"లో సగం శబ్దం పెరగడమే. ఎక్కువ ఉక్కు కదిలితే పికప్‌లో ఎక్కువ కరెంటు పుడుతుంది, అదే పాట కాస్త గట్టిగా వినబడితే చెవి దాన్ని మెరుగంటుంది. మిగతా సగం నిజమే. బిర్రుగా ఉన్న తీగని గట్టిగా కొట్టినా స్వరం చెదరదు, చెయ్యి బరువున్నవాడికి ఆ నిలకడ కావాలి.

మారదలుచుకున్నవాళ్లు తీగలు మార్చి ఊరుకుంటే కుదరదు. మెడ చివర తీగలు ఆనే పాత నట్‌లో గాడి సన్న తీగకి కోసి ఉంటుంది. లావు తీగ అందులో కూర్చోక, శ్రుతి చేస్తుంటే టిక్కుమని ఆగి ఆగి కదులుతుంది. సరిపడా ఆకురాయితో గాడి వెడల్పు చేయించాలి, లోతు మాత్రం పెరక్కూడదు. మెడ ముందుకి వంగుతుంది కాబట్టి లోపలి ట్రస్ రాడ్‌ని కొద్దికొద్దిగా బిగించాలి. స్ట్రాటోకాస్టర్ అయితే వెనక మూత తీసి, బ్రిడ్జిని పట్టి ఉంచే స్ప్రింగులు మూడుంటే నాలుగో అయిదో చేయాలి. తర్వాత ఒక్కో తీగకీ బ్రిడ్జి దగ్గర పొడవు సరిచేయాలి, లేకపోతే కింద శ్రుతిలో ఉన్నది పన్నెండో మెట్టు దగ్గర అపస్వరం పలుకుతుంది. గిబ్సన్ లెస్ పాల్ తీగ పొడవు ఫెండర్ కన్నా ముప్పావు అంగుళం తక్కువ, బిగువూ ఆ మేరకు తక్కువే. అందుకే లెస్ పాల్ మీద పదకొండు మోసినవాడు స్ట్రాట్ మీద పదిన్నర దగ్గర ఆగిపోతుంటాడు. పదిన్నర సెట్లు కూడా కొట్లలో దొరుకుతాయి.

ఇవాళ లావు తీగలు ఎక్కువగా అమ్ముడయ్యేది బ్లూస్ భక్తులకి కాదు, మెటల్ వాయించేవాళ్లకి. ఆ సంగీతానికి మూలపురుషుడైన టోనీ అయోమీది మాత్రం పూర్తిగా తిరగబడ్డ కథ. 1965లో, పదిహేడేళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ మెషీన్ కింద పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సిన చెయ్యే అది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించాడు. లావు తీగ నొక్కే బలం లేక బ్యాంజో తీగలు కట్టాడు. తన బ్యాండు బ్లాక్ సబ్బత్ 1971 రికార్డు "మాస్టర్ ఆఫ్ రియాలిటీ"లో కొన్ని పాటలకి శ్రుతిని మూడు అరస్వరాలు కిందికి దించేశాడు. హెవీ అని పేరున్న సంగీతం అలా సన్న తీగలని వదులు చేసి పుట్టింది.

ఆయన వెనక వచ్చినవాళ్లు శ్రుతిని ఇంకా కిందికి తీసుకెళ్లారు. ఆరో తీగ 46ని అయిదు అరస్వరాలు దించితే బిగువు 44 శాతం పోతుంది. తీగ వేలాడిపోయి మెట్లకి కొట్టుకుంటుంది. పాత బిగువు నిలవాలంటే 60 దరిదాపుల్లో తీగ కావాలి. 1990లో స్టీవ్ వాయ్ కోసం ఐబనెజ్ తెచ్చిన ఏడు తీగల గిటార్, 1994లో కార్న్ బ్యాండు మొదటి రికార్డు వచ్చాక ఈ లెక్క కుర్రాళ్లందరికీ అవసరపడింది. అయినా సోలో వచ్చేసరికి పై తీగ సాగాల్సిందే. దానికి ఎర్నీ బాల్ కంపెనీ దగ్గరే ఒక సెట్టుంది. పైమూడూ మామూలు 10, 13, 17. కిందిమూడూ 30, 42, 52.