రంగం రోడ్డు: తాత డైరీలో ఒక్క లైను

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ పెద్దదే, రెండో ప్రపంచ యుద్ధం. కానీ పుస్తకం మాత్రం చిన్నది. అరచేతిలో పట్టేంత నోటుబుక్కు, అట్ట ఊడిపోయింది, అంతా పెన్సిల్ రాత. మా తాతది. ఆయన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో లారీ డ్రైవరు. 1944 చివరి నుంచి 1945 మధ్య దాకా, రోజుకి ఒకటి రెండు లైన్ల చొప్పున రాసుకున్నాడు. నా వయసుకి, వరల్డ్ వార్‌కి లెక్క ఎలా కుదిరిందీ అంటారేమో. మా నాన్న ఆఖరి సంతానం, నేను నాన్నకి లేటుగా పుట్టా. అంతే.

సినిమాలాగా ఉంటుందనుకోకండి. "స్ప్రింగు విరిగింది." "బురద. మూడు మైళ్ళు." "పప్పు ఉడకలేదు." సగం పేజీలు ఇవే. అసలు ఫ్రంట్ దగ్గర సిపాయిలు డైరీ రాయకూడదని రూలు. శత్రువు చేతికి చిక్కితే ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిసిపోతుంది. అందుకేనేమో, పుస్తకమంతా వెతికినా కంపెనీ నంబరు లేదు, ఆఫీసర్ పేరు లేదు. ఊళ్ళ పేర్లు మాత్రం చెవికి వినిపించినట్టు తెలుగులో ఉన్నాయి. తాము, కలేవా, షెజిన్, మెట్టిలా, పెగూ. చివర్లో రంగం.

ఈ రంగం గురించి ముందు చెప్పాలి. ఇది యుద్ధరంగం కాదు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పాతవాళ్ళని అడగండి, రంగం అంటే రంగూన్. ఇప్పటి యాంగాన్. కాకినాడ, విశాఖ, కళింగపట్నం వైపు నుంచి స్టీమరెక్కి మనవాళ్ళు అక్కడికి కూలికి వెళ్ళేవారు. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తీసుకెళ్ళేవాడు, అది తీరేదాకా పని. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షన్నర పైనే. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు మనల్ని "కోరంగీ" అనేవారు. ముద్దుగా కాదు లెండి, తిట్టుగానే. 1930లో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఈ తెలుగు కూలీలే.

మా తాత అన్నయ్య ఆ లక్షన్నరలో ఒకడు. రంగూన్‌కి నదికి అవతల డల్లా అని ఉంటుంది, అక్కడి పడవల కార్ఖానాలో పని. 1942 తర్వాత ఆయన ఇంటికి రాలేదు. ఇంట్లో మాకు తెలిసిన కథ ఇంతే.

ఇప్పుడు డైరీని ఎలా చదివానో చెప్తా. నాకు అలవాటైన పని రెండు టేబుల్స్‌ని ఒక కామన్ కాలమ్ మీద కలపడం. ఒక టేబుల్ తాత డైరీ. రెండోది ఆర్మీ రికార్డు. యుద్ధంలో ప్రతి యూనిట్టూ రోజువారీ వార్ డైరీ రాయాల్సిందే. బర్మా ఫ్రంట్‌వి చాలా వరకు లండన్‌లోని క్యూలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటితో పాటు అచ్చయిన యుద్ధ చరిత్రలు, పాత సర్వే మ్యాపులు. కామన్ కాలమ్ తేదీ. కానీ తాత కొన్ని పేజీల్లో తేదీ రాయలేదు, తిథి రాశాడు!

ఉదాహరణకి ఒక పేజీ: "అమావాస్య. ఇనప వంతెన దాటాం. లారీకి లారీకి మధ్య ఎడం పెట్టమన్నారు." అది కలేవా దగ్గర చిండ్విన్ నది మీద కట్టిన బెయిలీ వంతెన. 1,154 అడుగులు, అప్పటికి ప్రపంచంలో అంత పొడవు బెయిలీ వంతెన ఇంకోటి లేదు. అది 1944 డిసెంబర్ 10 ప్రాంతంలో రెడీ అయింది. ఆ నెల అమావాస్య 15న. లెక్క కుదిరింది. అంతకు ముందు పేజీలో "గోనె రోడ్డు" అని ఉంది. ఇదేం రోడ్డు అని చూస్తే, తాము నుంచి కలేవా దాకా ఇంజనీర్లు జనపనార గుడ్డకి తారు పట్టించి, చాప పరిచినట్టు నేల మీద పరిచారు. కంకర దొరకని అడవిలో వేరే దారి లేదు మరి.

వంతెన దాటిన రెండో రోజు: "షెజిన్ రేవు. ట్యాంకులు, లారీలు. అన్నీ తుప్పు. చెట్లు మొలిచాయి." ముందుకెళ్తున్న సైన్యానికి తుప్పు పట్టిన ట్యాంకులు ఎదురవడం ఏంటి? షెజిన్ అంటే ష్వేజిన్. 1942 మే నెలలో జపాన్ సైన్యం తరుముకొస్తుంటే బ్రిటిష్ సైన్యం అక్కడే నది దాటి ఇండియా వైపు పారిపోయింది. ట్యాంకుల్ని దాటించే వీల్లేక పాడుచేసి వదిలేశారు, ఒక్కటే అవతలికి చేరింది. అంటే మా తాత చూసింది రెండున్నరేళ్ళ నాటి ఓటమిని. ఆ లైన్ కిందే ఇంకోటి ఉంది: "అన్న ఈ దారిన రాలేదు కదా."

ఆ దారిన వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. కూలీలు రేవు వదిలి పరుగెత్తారు. వాళ్ళు వెళ్ళిపోతే ఓడల్లో సరుకు దించేవాళ్ళుండరని ప్రభుత్వం మొదట్లో నచ్చజెప్పి వెనక్కి తేవాలని చూసింది. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఆ ఏడాది బర్మా నుంచి ఇండియాకి బయల్దేరినవాళ్ళు నాలుగైదు లక్షలని అంచనా, ఎక్కువమంది కాలినడకనే. దారిలో పోయినవాళ్ళు పది వేలన్నవాళ్ళున్నారు, యాభై వేలన్నవాళ్ళున్నారు. లెక్కల్లోనే ఇంత తేడా ఉందంటే, ఎవరూ లెక్కపెట్టలేదనే కదా అర్థం! తెల్లవాళ్ళకో దారి, మనవాళ్ళకో దారి కేటాయించారని అప్పట్లోనే మన నాయకులు గట్టిగా గొడవ చేశారు. అదే ఏప్రిల్ 6న ఇటు విశాఖ, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. అంటే పారిపోయి వచ్చేవాళ్ళకి ఇల్లు కూడా భద్రం కాదు.

రంగూన్ నుంచి ముందుగా బయల్దేరినవాళ్ళలో చాలామంది పట్టిన దారి ఇంకోటి ఉంది. ప్రోమ్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కొండలు దాటి సముద్రం ఒడ్డున ఉన్న టౌంగప్‌కి, సుమారు 110 మైళ్ళు. అక్కడి నుంచి పడవల్లో అక్యాబ్, తర్వాత చిట్టగాంగ్. దారిలో నీళ్ళు తక్కువ, కలరా ఎక్కువ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, టౌంగప్.

మళ్ళీ 1945కి వద్దాం. మే మొదట్లోనే వానలు ముందుగా వచ్చేశాయి, ఉత్తరం నుంచి వస్తున్న సైన్యం పెగూ దగ్గర బురదలో ఇరుక్కుంది. జపాన్ వాళ్ళు అప్పటికే రంగూన్ ఖాళీ చేసి పోయారు. జైల్లోని యుద్ధఖైదీలు, జపాన్ వాళ్ళు వెళ్ళిపోయారని కప్పు మీద పెద్ద అక్షరాలతో రాసి విమానాలకి చూపించారు. మే 3న సముద్రం వైపు నుంచి వచ్చిన దళాలు పోరాటం లేకుండానే ఊళ్ళోకి దిగాయి. ఈలోగా ఊరిని దోపిడీల నుంచి కాపాడింది ఎవరనుకున్నారు? ఆజాద్ హింద్ ఫౌజ్. నేతాజీ ఏప్రిల్ 24న వెళ్ళిపోతూ లోకనాథన్ అనే జనరల్ కింద కొన్ని వేలమందిని అక్కడ ఉంచారు. తాత రాశాడు: "బోసు సిపాయిలు. ఒకడు తెలుగు మాట్లాడాడు. బీడీ ఇచ్చాను." మీ తాత బ్రిటిష్ వాళ్ళ వైపు పోరాడాడా అని నన్ను అడిగేవాళ్ళకి నా దగ్గర ఈ బీడీ తప్ప వేరే జవాబు లేదు.

మే మధ్యలో ఆయనకి ఒక పూట సెలవు దొరికింది. సాంపాన్ ఎక్కి డల్లా వెళ్ళాడు. "అన్న ఉన్న లైను చూశాను. కప్పు లేదు. ఒక ముసలాయన మన వైపు వాడే." తర్వాతి లైను: "అన్న టౌంగప్ దారిలో వాంతిభేదితో పోయాడు."

ఈ లైన్ దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయా. డైరీలో ఉంది కాబట్టి నిజం అనేయొచ్చా? కుదరదు. తాత కళ్ళతో చూసినవి రికార్డుతో బాగా సరిపోతున్నాయి. వంతెన, గోనె రోడ్డు, ట్యాంకులు, వాన. చెవితో విన్నవి వేరే కథ. ఏప్రిల్‌లో ఒకచోట "హిట్లరు పట్టుబడ్డాడట" అని ఉంది. హిట్లర్ ఎవరికీ పట్టుబడలేదు, ఏప్రిల్ 30న తనే చచ్చాడు. "మనల్ని దీపావళికి ఇంటికి పంపేస్తారట" అని ఇంకోటి. అలా ఏమీ పంపలేదు. అయితే ఒకటి గమనించండి. తాత విన్న ప్రతిదాని చివరా "ట" పెట్టాడు. చూసినదానికి పెట్టలేదు. మన భాషలో ఉన్న ఈ సౌకర్యాన్ని ఆయన పుస్తకమంతా తప్పకుండా వాడాడు. నేను లైన్లన్నీ టైప్ చేసి, చివరి అక్షరాన్ని బట్టి రెండు గుంపులు చేశా. తాత కళ్ళతో చూడకపోయినా "ట" లేకుండా రాసింది పుస్తకం మొత్తం మీద ఒక్కటే. అన్న పోయాడన్న లైను.

దీన్ని రుజువు అనలేం. మూడేళ్ళ తర్వాత ఒక ముసలాయన చెప్పిన మాట అది. ఆ దారి, ఆ జబ్బు, ఆ కాలం మాత్రం చరిత్రతో సరిపోతున్నాయి. ఇంతకు మించి వెతకడానికి కాగితం కూడా దొరకదు. అదే సిపాయి అయితే కథ వేరు. యాంగాన్ పక్కన తౌక్యాన్ శ్మశానవాటికలో, సమాధి లేని సైనికుల పేర్లే సుమారు 27 వేలు రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. వాటిని ఫోన్లో వెతకొచ్చు, తెలుగు పేర్లూ తగుల్తాయి. టౌంగప్ దారిలో పడిపోయిన కూలీకి అలాంటి రాయి లేదు. కాందిశీకుల జాబితాలని నాకు దొరికినవాటిలో యూరోపియన్లు, ఆంగ్లో బర్మన్ల పేర్లే ఎక్కువ.

ఇంకో సంగతి. ఇది మా నాన్నని అడిగే చెప్తున్నా. తాత 1946లో ఇంటికొచ్చాడు. అన్న గురించి వదిన అడిగితే "కబురేం తెలీలేదు" అన్నాడు. ఆవిడ, అంటే మా పెద్ద మామ్మ, 1980లలో పోయేదాకా బొట్టు తీయలేదు. ఊళ్ళో ఎవరూ తీయమనలేదు కూడా, ఎందుకంటే ఆయన పోయాడని చెప్పినవాళ్ళు లేరు. మా నాన్నకీ తెలీదు, మొన్న నేను ఆ పేజీ చదివి వినిపించేదాకా. ఆయన విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వదిన కోసమే చెప్పుండడు" అన్నాడు. నాకు ఇంకోలా అనిపిస్తుంది. "ట" లేకుండా కాగితం మీద ఒకసారి రాశాక, నోటితో మళ్ళీ ఆ మాట అనడం తాతకే చేతకాలేదేమో. దీనికి మాత్రం ఏ రికార్డూ లేదు.

డల్లా పేజీ తర్వాత నాలుగు రోజులు ఖాళీ. ఐదో రోజు: "పెగూ. బ్రేకు షూ మార్చాం."